ఫియర్డ్ చూడటానికి లక్నవరం వెళ్లాం

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. దసరా దాటాక కూడా ముసురు పట్టింది. దీపావళి నాటికి గాని ఆకాశం తేటపడలేదు. జనగామలో తెల్లవారుజామున మంచు దిగేది. ముందురోజు సాయంత్రం వేసిన రంగు మర్నాడు మధ్యాహ్నం దాకా ఆరేది కాదు. అందుకని పొద్దున పూట బోర్డుల మీద గీతలు కొట్టుకుని, ఎండ ఎక్కాక అక్షరాలు నింపేవాణ్ని. అదే నా పని. అరవై తొమ్మిది ఉద్యమం జరిగిన ఏడు బడులు మూతపడ్డాయి, నా మెట్రిక్ చదువు అక్కడితో ఆగిపోయింది. గోడల మీద నినాదాలు రాసి రాసి అక్షరం కుదిరింది కాబట్టి పెయింటర్ దగ్గర పనికి చేరాను. నాలుగైదేళ్లు లారీల వెనక నంబర్లు, ఎరువుల దుకాణాల బోర్డులు, బియ్యం మిల్లుల గేట్లు రాశాను.

అలాంటి నాకు మహబూబాబాద్ నుంచి వీరేశం సేటు ఒక పరదా పని ఇచ్చాడు. సేటుది కిరాణా వ్యాపారం. కొత్తగా ఫోటో స్టూడియో పెడుతున్నాడు. ఆ రోజుల్లో స్టూడియోలో గోడకు బొమ్మ వేసిన పరదా కట్టి, దాని ముందు మనుషుల్ని నిలబెట్టి ఫోటో తీసేవారు. అందరి పరదాల మీదా రాజభవనాలు, పూలకుండీలే. సేటుకు వేరే బొమ్మ కావాలి. బొంబాయి నుంచి వాళ్ల బావమరిది ఒక క్యాలెండర్ పంపాడు. అందులో నెలకో దేశం ఫియర్డ్ బొమ్మ ఉంది. నార్వే, న్యూజీలాండ్, చిలీ, గ్రీన్లాండ్, ఇంకా ఏవేవో. నిటారు కొండలు, వాటి మధ్య నల్లటి నీళ్లు. సేటు జూన్ నెల కాగితం చించి నా చేతిలో పెట్టాడు. అది నార్వే. ఈ పరదా కుదిరితే డోర్నకల్, కేసముద్రంలో పెట్టబోయే స్టూడియోల పని కూడా నాదే. కుదరకపోతే మళ్లీ లారీల వెనక నంబర్లు రాసుకోవాలి.

కోరాగుడ్డకు జిగురు, సుద్ద పట్టించి వారం రోజులు గీశాను. ఫోటో నలుపు తెలుపు కాబట్టి పరదా కూడా బూడిద రంగుల్లోనే వేయాలి. శుక్రవారం ఉదయం ఏడున్నర పాసింజర్‌కు జనగామలో ఎక్కి, కాజీపేటలో బండి మారి, ఒంటిగంటకు మహబూబాబాద్‌లో దిగాను. టికెట్ మూడు రూపాయల లోపే. పరదా చుట్టను పక్క సీటు మీద పెట్టినందుకు టికెట్ కలెక్టర్ దానికీ టికెట్ అడిగాడు. నవ్వుతూనే అడిగాడు.

స్టూడియోలో ఫోటోలు తీయడానికి సేటు బందరు నుంచి సుబ్బారావు అనే ఆయన్ని పెట్టుకున్నాడు. నేను పరదా విప్పగానే సుబ్బారావు దగ్గరగా వచ్చి చూసి, స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, సముద్రానికి కట్ట కట్టావేమిటి?"

నిజమే. క్యాలెండర్లో లేని కట్ట నేను వేశాను. రెండు కొండల మధ్య నీళ్లు నిలవాలంటే కట్ట ఉండి తీరాలి కదా, ఫోటో తీసినవాడు అది పడకుండా తీసి ఉంటాడు అనుకున్నాను. కట్ట లేకుండా వేస్తే మా వైపు జనం నవ్వుతారని కూడా అనుకున్నాను.

"కట్ట లేకుంటె నీళ్లెట్ల ఆగుతయి సారూ?" అన్నాను.

"అది సముద్రమయ్యా! కొండల మధ్యకు మైళ్ల దూరం చొచ్చుకొచ్చింది. ఇంకెక్కడికి పోతుంది?"

సేటు కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. "తూము గూడ వెట్టినవ్ కొమురయ్యా. జర తలుపెత్తితే మన టేషన్ దాక పారుతదేమో."

దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సుబ్బారావు అక్కడితో ఆగలేదు. కట్ట సంగతి తర్వాత, అసలు ఈ నీళ్లే నీళ్లలా లేవు, కొత్తగా తారు పోసిన రోడ్డులా ఉన్నాయన్నాడు. ఆ మాట కట్ట కంటే పెద్దది. బూడిద రంగుల్లో నీళ్లకూ రోడ్డుకూ తేడా ఎక్కడుందో నాకు నిజంగా తెలియదు.

సేటు వ్యాపారస్తుడు, కోపం చేయలేదు. "వచ్చే గురువారం స్టూడియో తెరుస్తున్న. బెజవాడ పెయింటర్‌కు గూడ చెప్పిన, ఆయన గూడ పరదా పట్కొని వస్తుండు. రెండూ కడ్త. జనం ఎవరి పరదా ముంగట నిలవడ్తె గాయినకే పని. నేను చెప్పేది కాదు, గిరాకీ చెప్తది."

నాకు ఆరు రోజులున్నాయి. ఫియర్డ్ చూడాలంటే నార్వే పోవాలి. "మీ బందరుకు పోయి సముద్రం చూస్తె పనైతదా సారూ?" అని అడిగాను.

"మాకు సముద్రం ఉంది, కొండ లేదు. మీకు కొండలున్నాయి, సముద్రం లేదు" అన్నాడు సుబ్బారావు.

అప్పుడు సేటే దారి చెప్పాడు. ఆయన వియ్యంకుడు మిర్చి కొనడానికి గోవిందరావుపేట వైపు తిరుగుతాడట. అక్కడ అడవిలో లక్నవరం చెరువు ఉంది, మూడు వైపులా గుట్టల సందులకు కట్టలు కట్టి ఆపిన నీళ్లు, ఒక్కో పాయ గుట్టల మధ్యకు దూరంగా పోతుంది అని చెప్పాడట. సుబ్బారావు తానూ వస్తానన్నాడు, ఫోటో తీస్తే నాకు పని సులువవుతుందని. ఎందుకింత సాయం చేస్తున్నాడో అప్పుడు అర్థం కాలేదు.

శనివారం ఉదయం ఐదింటి పాసింజర్‌కు వరంగల్ వెళ్లాం. హన్మకొండలో ఇడ్లీ తిని, ములుగు బస్సెక్కాం. మనిషికి రెండు రూపాయల చిల్లర. పదింటికి ములుగులో దిగితే ఏటూరునాగారం బస్సు వెళ్లిపోయిందన్నారు. వెదురు ఎత్తడానికి భూపాలపల్లి వెళ్తున్న ఖాళీ లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ పేరు యాకూబ్.

"ఎటు పోతున్నరు భాయ్?"

"లక్నవరం."

"చేపలకా?"

"కాదన్నా, నీళ్లు చూడనీకి."

యాకూబ్ గేరు మార్చి మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "నీళ్లు చూడనీకి బండెక్కినోళ్లను గిప్పుడే చూస్తున్న. నాతోని భూపాలపల్లి రాండ్రి. మా ఇంటెనుక బావి చూపిస్త. నడిచే పనే లేదు."

జంగాలపల్లి దగ్గర భూపాలపల్లి దారి విడిపోతుంది. అక్కడ దింపి, డబ్బులు వద్దన్నాడు. లారీ ముందు నిలబెట్టి ఒక ఫోటో తీయమన్నాడు. సుబ్బారావు కెమెరాలో పన్నెండు ఫోటోల రీలే ఉంది. గొణుక్కుంటూనే ఒకటి తీశాడు. యాకూబ్ లారీ పక్కన ఎంత బిగుసుకుని నిలబడ్డాడంటే బండికి కొత్తగా బిగించిన సామానులా ఉన్నాడు. గంటసేపటికి బస్సు వచ్చింది. బుస్సాపూర్‌లో దిగేసరికి పన్నెండు దాటింది. అక్కడి నుంచి ఏడెనిమిది కిలోమీటర్ల బండిబాట. దారంతా టేకు, మద్ది చెట్లు. వానకు బాట కోసుకుపోయి రాళ్లు తేలాయి. సుబ్బారావు బూటు రెండుసార్లు బురదలో ఇరుక్కుంది.

"మీ నార్వేకు దారి బాగాలేదయ్యా" అన్నాడు.

రెండున్నరకు కట్ట ఎక్కాం. చెరువు నిండుగా ఉంది. చుట్టూ పచ్చటి గుట్టలు, మధ్యలో చిన్న చిన్న దీవులు. చూడటానికి చాలా బాగుంది. కాని కట్ట మీద నిలబడి చూస్తే అది నేను వేసి తెచ్చిన పరదాలాగే ఉంది. ఎటు తిరిగినా వెడల్పాటి చెరువే, క్యాలెండర్లోని సందు ఎక్కడా లేదు.

కట్ట కింద సారయ్య అనే ఆయన వల ఆరబెడుతున్నాడు. చేపలు పట్టుకుని బతుకుతాడు. అతని భార్య సమ్మక్క పొయ్యి దగ్గర ఉంది. నేను జేబులోంచి జూన్ కాగితం తీసి చూపించాను. సారయ్య దాన్ని ఎండకు పెట్టి చాలాసేపు చూశాడు.

"గీ కొండ నీళ్లలకు గట్లనే దిగిపోయినట్లున్నది. ఒడ్డే లేదు. మస్తు లోతుంటది తమ్మి. గీడ వలేస్తె యాడ ఆనాలె?"

సమ్మక్క తొంగి చూసింది. "గీడ ఆడోళ్లు బోళ్లు యాడ తోముకుంటరో" అంది.

వచ్చిన పని చెప్పాను. గురువారం సంగతి, బెజవాడ పెయింటర్ సంగతి కూడా చెప్పాను. సారయ్య నవ్వాడు. "కట్ట మీద నిలవడి కట్ట కనవడొద్దంటె ఎట్లనయ్యా? నీళ్లలకు పోవాలె. ఆ రెండో గుట్ట తిరిగినంక ఏ కట్టా కనవడది. కని ఇప్పుడు గాలున్నది. పొద్దుగాల పోదం."

ఆ పూట సమ్మక్క చింతపులుసు పోసి వండిన చేపల కూరతో అన్నం పెట్టింది. కారానికి సుబ్బారావు కళ్లలో నీళ్లు కారాయి. "నీళ్లు చూడనీకి వచ్చిండ్రు కద సారూ, కండ్ల నిండ చూడుండ్రి" అంది సమ్మక్క. ఇద్దరికీ కలిపి రెండు రూపాయలిస్తే ఒక రూపాయి తిరిగి ఇచ్చేసింది. పందిరి కింద పడుకున్నాం.

ఆదివారం ఆరింటికి సారయ్య తెప్ప తెచ్చాడు. నాలుగు దుంగలు కట్టిన తెప్ప. నేను ఎక్కాను. సుబ్బారావు ఒడ్డునే నిలబడి కెమెరాను కడుపుకు హత్తుకున్నాడు.

"రండి సారూ" అన్నాను.

"ఇక్కణ్నుంచి తీస్తానులే."

"ఈత రాదా సారూ?" సారయ్య అడిగాడు.

సుబ్బారావు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఓరి నీ! సముద్రం పొంటి పుట్టినోనివి, చెరువుకు భయపడ్తవా? మా పిల్లగాండ్లకు చెప్తె నమ్మరు. నడిమిట్ల కూసో, నేనున్న గద."

చివరికి ఎక్కాడు. తెప్ప మధ్యలో కూర్చుని ఒక చేత్తో నా భుజం, ఒక చేత్తో కెమెరా పట్టుకున్నాడు. భుజం మీద ఆయన గోళ్లు దిగాయి. సారయ్య గెడతో మెల్లగా తోశాడు. మొదటి గుట్ట దాటాం. రెండోది తిరిగాం. సారయ్య గెడ ఆపి, "ఇగ చూడు" అన్నాడు.

కట్ట లేదు. వెనకకు చూసినా లేదు. రెండు వైపులా గుట్టలు, మధ్య నుంచి సన్నగా లోపలికి పోయే నీళ్లు. నీళ్లలో తలకిందులుగా అవే గుట్టలు. మంచు ఇంకా చెదరలేదు. వెనక గుట్టలు పలచగా, ముందువి చిక్కగా ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటిగా ఐదు రకాల బూడిద రంగులు లెక్కపెట్టాను. వారం రోజులు జూన్ కాగితం ముందేసుకుని నేను వెతుక్కున్నది ఇదే. అయితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి కనబడింది. గుట్ట మొదలుకూ, దాని నీడకూ మధ్య దారంలాంటి తెల్లటి గీత ఉంది.

"అన్నా, గా తెల్లగ మెరిసేదేంది?"

"గాలి. గుట్ట పొంటి సన్నగ గాలి వస్తది. గంత మేర నీళ్లు కదులుతయి, మెరుస్తయి. గా గీత చూసే మేము ఒడ్డు ఎంత దూరమున్నదో అంచనా కడ్తం."

అదే తేడా. రోడ్డుకు ఆ గీత ఉండదు. నేను కాగితం తీసి పెన్సిల్‌తో గీసుకుంటూ ఉంటే సుబ్బారావు భయం మరిచిపోయి ఏడు ఫోటోలు తీశాడు. తర్వాత తానే చెప్పాడు.

"బెజవాడ నుంచి వచ్చే పెయింటర్ మా బావ. మా అక్క మొగుడు. సేటుకు ఆయన పేరు చెప్పింది నేనే."

నేను పెన్సిల్ ఆపాను. "మరి నాతోని ఎందుకొచ్చినవ్ సారూ?"

"నీ పరదా చూసి నవ్వాను కదా. నవ్వి ఊరుకుంటే బాగుండదనిపించింది. పైగా మా బావ ఇరవై ఏళ్లుగా అదే మెట్లు, అదే భవనం వేస్తున్నాడు. ఆయన ముందు మంచి పరదా ఒకటి పెడితే చూడాలని నాకూ ఉంది." కెమెరాకు మూత పెడుతూ, "మా అక్కకు మాత్రం చెప్పకు" అన్నాడు.

"మీ అక్క నాకు యాడ కనవడ్తది సారూ?"

సారయ్య తెప్ప ఊగేలా నవ్వాడు. సుబ్బారావు మళ్లీ నా భుజం పట్టుకున్నాడు.

ఎనిమిదింటికల్లా గాలి లేచింది, నీళ్లలో గుట్టలు చెదిరిపోయాయి. ఒడ్డుకు వచ్చాక సుబ్బారావు నన్ను రాళ్ల దగ్గర నిలబెట్టి కెమెరాలో చూశాడు. నీళ్లు కింది అంచు దాకా వేయవద్దన్నాడు. వేస్తే ఫోటోలో మనిషి నీళ్లలో నిలబడ్డట్టు ఉంటుందట. కింద జానెడు నేల, కొంచెం గడ్డి ఉండాలి. అది నాకు తట్టలేదు. అతనికి తట్టింది. పదింటికి బయలుదేరి, రెండు బస్సులు, ఒక పాసింజర్ మారి సాయంత్రానికి మహబూబాబాద్ చేరాం.

సోమవారం నుంచి బుధవారం దాకా సేటు గోదాములో ఉప్పు బస్తాల పక్కన పరదా నేలమీద పరిచి, సుబ్బారావు కడిగిచ్చిన ఫోటోలు ముందేసుకుని పని చేశాను. పాతదాన్ని కడిగి, మళ్లీ సుద్ద పట్టించి మొదటి నుంచి వేశాను. తెల్ల గీత ఒక్కటి వేయడానికి ఒక పూట పట్టింది. లావైతే తాడులా ఉంది, సన్నమైతే రెండడుగుల దూరం నుంచి కనబడలేదు. చివరికి చీపురు పుల్లతో వేశాను.

గురువారం ఉదయం సుబ్బారావు బావ కోటేశ్వరరావు బెజవాడ బండికి దిగాడు. తెల్లటి పంచె, నిదానమైన మనిషి. ఆయన పరదా మీద పాలరాతి మెట్లు, మెట్ల పైన భవనం, పక్కన ఫౌంటెన్ ఉన్నాయి. గీతలో తప్పు పట్టడానికి లేదు. సేటు స్టూడియో ముందు తాడు కట్టి రెండింటినీ పక్కపక్కన వేలాడదీశాడు. కోటేశ్వరరావు నా పరదా దగ్గరికి వచ్చి, గుట్టల మొదట్లో వేలు పెట్టకుండా చూపించి అడిగాడు.

"ఈ తెల్లగీత ఎక్కడ నేర్చారండీ?"

"చెరువుల."

"ఎవరు చెప్పారు?"

"చేపలు పట్టేటాయన."

ఆయన తల ఊపాడు. సుబ్బారావు ఆ పక్కకు రాకుండా కెమెరా తుడుచుకుంటున్నాడు.

మొదట వచ్చింది ఒక కొత్త జంట. వాళ్లు మెట్లే కావాలన్నారు. తర్వాత పెద్దవంగర నుంచి బుచ్చవ్వ అనే ముసలామె కొడుకు, కోడలు, మనవరాలితో వచ్చింది. సంతకు వచ్చి, ఫోటో తీస్తున్నారని విని ఆగారు. కొడుకు మెట్ల పరదా వైపు నడిచాడు.

"అవ్వా, బంగ్ల ముంగట ఫోటో దిగుదాం రా."

బుచ్చవ్వ మెట్లను కిందినుంచి పైదాకా చూసింది. "గిన్ని మెట్లు నేనెక్కుతనారా? పొద్దుగాల నుంచి మోకాళ్లు నొస్తున్నయి."

"ఎక్కుడు లేదే, బొమ్మ అది!"

"బొమ్మైతె మాత్రం? ఫోటో ఇంట్ల వెట్టుకుంటె చూసినప్పుడల్ల నొస్తయి." ఆమె నా పరదా ముందుకు నడిచింది. గడ్డి వేసిన చోట చెప్పులు విడిచి నిలబడింది. "గీడ సల్లగున్నది. గీడ తియ్యి కొడుకా" అని సుబ్బారావుకు చెప్పింది.

సేటు కడుపు పట్టుకుని నవ్వాడు. కోటేశ్వరరావు కూడా నవ్వాడు. సుబ్బారావు స్టూడియో కెమెరా నల్లగుడ్డ కింద తల దూర్చాడు గాని, అతని వీపు కదులుతూనే ఉంది. ఆమె వెనక సంతకు వచ్చిన వాళ్లు ఒక్కొక్కరే అక్కడే నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు మెట్లు కావాలన్నారు. ఎక్కువ మంది గుట్టలు కావాలన్నారు. మూడింటికి సేటు తాడు విప్పించి, నా పరదాను లోపలి గోడకు మేకులతో కొట్టించాడు. "డోర్నకల్‌కు నాలుగు నెలలు టైమున్నది. గా న్యూజీలాండ్‌ది చూడు" అన్నాడు.

తర్వాత క్యాలెండర్లోని దేశాలన్నీ వేశాను. ఒక్క దేశం కూడా చూడలేదు. వేయడానికి ముందు ప్రతిసారీ లక్నవరం వెళ్లి వచ్చాను. నార్వే నీళ్లు ఉప్పగా ఉంటాయట, ఇవి తియ్యగా ఉంటాయి. కొండలు అక్కడ ఆకాశాన్ని తాకుతాయట, ఇక్కడ గుట్టలే. అయినా కొండ నీళ్లలోకి దిగే చోట గాలి, వెలుతురు చేసే పని రెండు చోట్లా ఒకటే అయి ఉంటుందని నా నమ్మకం. ఫియర్డులు చూడగలిగిన వాళ్లు చూసి రండి. వీలు కానివాళ్లు కార్తీకంలో ఇక్కడికి రండి. ఇప్పుడు మంచి రోడ్డుంది, పడవలున్నాయి, వేలాడే వంతెన కూడా ఉంది. ఒక్కటే మాట: ముందురోజే చేరుకుని, తెల్లవారగానే నీళ్లలోకి వెళ్లండి. ఎనిమిది దాటితే గాలి లేస్తుంది, నీళ్లలో గుట్టలు కనబడవు.

ఆ గురువారం సాయంత్రం నాలుగున్నర పాసింజర్‌కు కోటేశ్వరరావు తన పరదా చుట్టుకుని బెజవాడ వెళ్లిపోయాడు. సుబ్బారావు స్టేషన్ దాకా దాన్ని మోసుకెళ్లి బండి ఎక్కించి వచ్చాడు. నేను శుక్రవారం ఉదయం ఏడింటి బండికి జనగామ బయలుదేరాను.